దీపం వెలుగుతుంది, బండి కదలదు

ఇలాంటి బొమ్మ రైలు ఇంజను మీ దగ్గరా ఉండి, ముందు దీపం వెలిగి చక్రాలు మాత్రం తిరగకపోతే, ఈ డైరీని రెండో దశ నుంచి చదవండి. మొదటి దశలో ఉన్నది నా తొందరపాటు, దానికైన ఖర్చు. జూన్ 29న పట్టుకున్న పని ఆగస్టు 16 దాకా సాగింది. ఇన్నాళ్లు పట్టడానికి కారణం లోపం ఒక్కటి కాకపోవడం. రేషను కొట్టు ముందు వరుసలా అయిదు నిలబడి ఉన్నాయి. ముందున్నది తప్పుకుంటే గాని వెనకున్నది కనబడలేదు. ఆరోదాన్ని నేనే తయారుచేశాను.

వస్తువు, పనిముట్లు

ఇంజను హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు బండిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. నడిచేది 12 వోల్టుల డీసీ మీద. లోపల డీకోడర్ (డిజిటల్ ఆదేశాలు అందుకునే చిన్న బోర్డు) లాంటి హంగులేమీ లేవు. నడిమధ్య మోటారు, దాని రెండు కొసల నుంచి రెండు షాఫ్టులు, అవి ముందు బోగీ మీదా వెనుక బోగీ మీదా ఉన్న వార్మ్ గేర్లను (స్క్రూ మరలా ఉండే గేర్లను) తిప్పుతాయి. మనం వాడుకలో రైలుపెట్టెను బోగీ అంటాం. ఈ డైరీలో బోగీ అంటే ఇంజను కింద ఉండే నాలుగు చక్రాల బండి. అలాంటివి రెండు, మొత్తం నాలుగు ఇరుసులు, ఎనిమిది చక్రాలు.

బొమ్మ అమెరికన్ డీజిలుది. నేను కడుతున్న లేఅవుటు మాత్రం కోటిపల్లి స్టేషను: 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న బల్ల, మూడు లైన్లు, చివర గోదావరి గట్టు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో పడిన ఆ లైనును రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేశారు, 2004లో మళ్లీ వేశారు. దాన్ని గౌతమి దాటించి అమలాపురం మీదుగా నరసాపురం చేర్చాలన్నది ఎప్పటినుంచో వింటున్న మాట. మా అమలాపురం వాళ్లకు రైలు కావాలంటే బల్ల మీద కట్టుకోవలసిందే. అమెరికన్ ఇంజనుకు కోటిపల్లిలో ఏం పని అని అడిగేవారికి నా జవాబు: మన రైల్వే డీజిలు ఇంజను డబ్ల్యూడీఎం-2 కూడా అమెరికాలోని ఆల్కో కంపెనీ నమూనాయే.

దీన్ని పాతదే కొన్నాను. నాలుగు నెలలు బాగా నడిచింది. తరువాత లేఅవుటు పని ఆగిపోయి, ఇది మూడు వానాకాలాలు చెక్క బీరువాలో ఉండిపోయింది. ఇంటి వెనుక పంట కాలువ. గదిలో పెట్టిన తేమ మీటరు జులైలో 85 శాతం కిందికి దిగిన రోజు లేదు.

పనిముట్లు: మామూలు మల్టీమీటర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్న స్క్రూడ్రైవర్లు, ట్వీజర్, డిజిటల్ వెర్నియర్, చిన్న బెంచి వైస్, భూతద్దం. ఇవన్నీ ముందే ఉన్నాయి కాబట్టి లెక్కలో కలపలేదు.

దశ 1: మోటారు కాలిందనుకున్నాను (జూన్ 29)

9 వోల్టుల బ్యాటరీకి రెండు తీగలు కట్టి ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి ఆనించాను. దీపం చక్కగా వెలిగింది. మోటారు వైపు నుంచి చీమ చప్పుడు లేదు. దీపం వెలిగిందంటే కరెంటు లోపలికి వస్తోంది, కరెంటు వచ్చినా తిరగలేదంటే మోటారు పోయింది. అంతే, ఆ రాత్రికే కొత్త మోటారు తెప్పించమని ఆర్డరు పెట్టాను.

పైకప్పు ఊడదీసి అవే తీగలను నేరుగా మోటారు కొసలకు ఆనించి చూడటానికి అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం విలువ ఎంతో కింద ఉంది.

మోటారు 850, కొరియరు 120.
ఇప్పటిదాకా: ఖర్చు 970 రూపాయలు, పని 2 గంటలు.

దశ 2: కొత్త మోటారూ తిరగలేదు (జులై 9, 10)

కొత్తది బిగించాను. దీపం వెలిగింది. చక్రాలు తిరగలేదు. కాసేపు ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాం, ఇంజనూ నేనూ.

అప్పుడు మల్టీమీటర్ తీశాను. చేసిన వరుస ఇది:

1. మీటరు రెండు కొసలనూ ఒకదానికొకటి తాకించి చూశాను: 0.4 ఓమ్. అది మీటరు తీగలది. ప్రతి కొలత నుంచీ దాన్ని తీసేయాలి.
2. ప్రతి చక్రం నుంచి పైనున్న సర్క్యూట్ బోర్డు దాకా: ఎనిమిదీ 1 నుంచి 4 ఓమ్‌ల మధ్య. గొప్పగా లేదు, కానీ నడుస్తుంది.
3. బోర్డు నుంచి మోటారు కొస దాకా: ఒకవైపు 160 ఓమ్‌లు, మరోవైపు 35. ఇక్కడ అర ఓమ్ కూడా ఉండకూడదు.
4. బ్యాటరీ తగిలించి వోల్టులు చూశాను. చక్రాల దగ్గర 8.9, బోర్డు మీద 8.7, మోటారు కొసల దగ్గర 0.8.

మూడు అంకెలు చాలు. దీపం బోర్డుకే అతికి ఉంది, దానికి 8.7 వోల్టులు అందుతున్నాయి. మోటారు దారి బోర్డు దాటాక ఇంకో రెండు అతుకుల గుండా పోతుంది. ఎనిమిది వోల్టులూ ఆ రెండు అతుకులే తినేస్తున్నాయి. దీపానికీ మోటారుకూ ఉన్నది సగం దారి చుట్టరికమే. నేను మొత్తం దారికి సాక్ష్యం చెప్పించుకున్నాను.

ఆ అతుకులేమిటంటే, బోర్డు అంచున ఉన్న రాగి నాలుకల మీద తీగ కొసను పరిచి, పైనుంచి చిన్న నల్లటి ప్లాస్టిక్ టోపీ తొడుగుతారు. టంకం ఉండదు. టోపీ నొక్కుడే ఆధారం. టోపీ తీసి చూస్తే తీగ కొస ఆకుపచ్చ, నలుపు కలిసిన రంగులో, పాత గుడి గంట నాలుకలా ఉంది. వేలితో గట్టిగా నొక్కితే 160 ఓమ్‌లు కాస్తా 12కి పడింది, వేలు తీస్తే మళ్లీ ఎక్కింది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కోసం, సన్న టంకం తీగ కోసం కాకినాడ వెళ్లవలసి వచ్చింది. పనిలో పనిగా ముక్తేశ్వరం వెళ్లి పంటు (రేవు దాటించే పడవ) మీద కోటిపల్లి దాటి స్టేషను ప్లాట్‌ఫారం కొలతలు తీసుకుందామనుకున్నాను. వరద నీరు వచ్చిందని పంటు ఆపేశారు. ఎదుర్లంక వంతెన మీదుగా యానాం చుట్టి బస్సులో వెళ్లి వచ్చాను. ప్లాట్‌ఫారం కొలతలు అలాగే ఉండిపోయాయి.

చేసిన పని: ఆరు టోపీలూ తీసి పారేశాను. తీగల పాడైన కొసలు 5 మి.మీ. కత్తిరించి, కొత్తగా ఒలిచి, నాలుకలను ఆల్కహాల్‌తో తుడిచి టంకం వేశాను. నాలుగోదాని మీద ఐరన్ ఎక్కువసేపు ఆనించడంతో రాగి నాలుక బోర్డు నుంచి లేచి చేతికి వచ్చింది. దాని వెనుక గీతను బ్లేడుతో గీకి, తీగను అక్కడే అతికించవలసి వచ్చింది. మీరు చేసేటప్పుడు ఒక్కో అతుకుకు రెండు సెకన్లకు మించి వేడి పెట్టకండి. ముందుగా తీగకు టంకం పూసి ఉంచితే రెండు సెకన్లు సరిపోతాయి.

ఇప్పుడు బోర్డు నుంచి మోటారుకు 0.2 ఓమ్. కంట్రోలరు తగిలించి 12 వోల్టులకు తిప్పాను. మోటారు గుర్రుమంది. తిరగలేదు. కరెంటు 0.56 ఆంపియర్, వోల్టులు 11.3కి పడ్డాయి. ఈ మోటారు 20 ఓమ్‌లు, 11.3ను 20తో భాగిస్తే 0.56. అంటే బిగుసుకుపోయిన మోటారు తినే కరెంటు సరిగ్గా అదే. దాన్ని అలా రెండు మూడు సెకన్లకు మించి ఉంచితే చుట్టలు నిజంగానే కాలిపోతాయి.

ఆల్కహాల్ 180, టంకం సరంజామా 90. బస్సు చార్జీలు లెక్క వేయలేదు.
ఇప్పటిదాకా: ఖర్చు 1,240 రూపాయలు, పని 6 గంటలు.

దశ 3: పాత మోటారు తిరిగి వచ్చింది (జులై 12)

దోషం లేనిదాన్ని డబ్బాలో పడేశానన్న అనుమానంతో పాత మోటారును బల్ల మీదికి తెచ్చాను. ఇరుసును వేలితో కొంచెం కొంచెం తిప్పుతూ అయిదు చోట్ల ఓమ్‌లు చూశాను: 18, 19, 47, 18, అయిదో చోట మీటరు అసలు పలకలేదు. చుట్ట తెగి ఉంటుందని గుండె జారింది.

చుట్ట బాగానే ఉంది. కార్బన్ బ్రష్‌లు ఆనే రాగి ఉంగరాన్ని కమ్యుటేటర్ అంటారు. అది ముక్కలుగా చీల్చి ఉంటుంది. ముక్కల మధ్య సందుల్లో బ్రష్‌ల పొడి, నూనె కలిసి కాటుకలా పేరుకుంది. కొన్నిచోట్ల పక్క ముక్కలను కలిపేస్తోంది, కొన్నిచోట్ల బ్రష్‌ను రాగికి తగలనివ్వడం లేదు.

1. బ్రష్‌లు, స్ప్రింగులు తీసి తెల్ల కాగితం మీద, తీసిన వైపే పెట్టాను. స్ప్రింగు ఎగిరితే దొరకదు. పని మొత్తం పాలిథిన్ సంచిలో చేతులు పెట్టి చేయడం మేలు.
2. పళ్లు కుట్టుకునే చెక్కపుల్లను ఆల్కహాల్‌లో ముంచి ఒక్కో సందునూ గీకాను. సూది వాడకండి, రాగి గీతలు పడుతుంది.
3. గుడ్డపీలిక చుట్టి ఉంగరం మెరిసేదాకా తుడిచాను. గరుకు కాగితం వాడలేదు.

తరువాత అయిదు చోట్లా 17 నుంచి 19 ఓమ్‌లు. బరువేమీ లేకుండా 12 వోల్టుల మీద 0.07 ఆంపియర్‌తో, ఈగ ఎగిరినట్టు సన్నని చప్పుడుతో తిరిగింది. 850 రూపాయల కొత్తది డబ్బాలోకి వెళ్లింది, పాతది ఇంజనులోకి వచ్చింది.

ఇప్పటిదాకా: ఖర్చు 1,240 రూపాయలు, పని 8 గంటలు.

దశ 4: కొబ్బరినూనె (జులై 13 నుంచి 15)

రెండు షాఫ్టులూ తీసేసి ఒక్కో బోగీనీ వేలితో తిప్పి చూశాను. ముందు బోగీ కాస్త బరువుగా తిరిగింది. వెనుక బోగీ ససేమిరా అంది. ఈ పరీక్షకు కరెంటు అక్కరలేదు, మీటరు అక్కరలేదు, పైకప్పు తీయడం తప్ప ఖర్చు లేదు. మొదటి రోజే చేసి ఉండవచ్చు.

బోగీ కింది మూత తీయగానే వాసన వచ్చింది. ఎక్కడో తెలిసిన వాసన, అయినా ఇనుప సామానులో ఉండకూడనిది. గేర్ల మధ్య లేత పసుపు ముద్ద. ట్వీజరుతో లాగితే ముదురు పాకంలా తీగ సాగింది.

అప్పుడు గుర్తుకొచ్చింది. బీరువాలో పెట్టేముందు గేర్లకు రెండు చుక్కలు వేద్దామనుకుంటే కుట్టుమిషను నూనె సీసా ఖాళీ. కోనసీమ ఇల్లు, వంటింట్లో గిద్దెడు కొబ్బరినూనె ఎప్పుడూ ఉంటుంది. రెండు చుక్కలే కదా అని వేశాను. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మా ఊళ్లో ధనుర్మాసపు తెల్లవారుజామున సీసా తలకిందులు చేసినా కారదు. కంపెనీవాళ్లు పెట్టిన గ్రీజు అప్పటికే ఎండి ఉంది. రెండూ కలిసి, మూడేళ్లకు, గేర్లకు పోసిన లక్కలా తయారయ్యాయి. ముందు బోగీకి ఒక చుక్క తక్కువ వేసి ఉంటాను.

శుభ్రం చేసిన తీరు:

1. గేర్లు, ఇరుసులు, వార్మ్ అన్నీ విడదీసి, దేని వరుస ఏదో ఫోనులో ఫొటోలు తీసుకున్నాను.
2. గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపి గంట నానబెట్టాను. కిరోసిన్ పెట్టమని ఇద్దరు చెప్పారు. కొన్ని ప్లాస్టిక్‌లకు అది పడదు, పెట్టలేదు.
3. పాత టూత్‌బ్రష్‌తో పన్ను పన్నునూ తోమి, ఆల్కహాల్‌తో కడిగి, ఫ్యాను కింద రాత్రంతా ఆరనిచ్చాను.
4. ప్లాస్టిక్‌కు పడే గ్రీజు వార్మ్ మీద గోధుమ గింజంత, ఇరుసు కొసలకు సూది మొనతో ఒక్కో నూనె చుక్క. చుక్క అంటే పొంగి కారేది కాదు, తడి మెరిస్తే చాలు.

మూడో అంకె దగ్గర ఒక ప్రమాదం జరిగింది. వార్మ్ కొసన ఉండే ఇత్తడి వాషరు, 0.3 మి.మీ. మందం, ట్వీజరు నుంచి జారి నేల మీద పడింది. అది లేకపోతే వార్మ్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. స్పీకరు నుంచి తీసిన అయస్కాంతం పట్టుకుని మంచం కింద ముప్పావు గంట పాకాను. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదన్న సంగతి, ఎనిమిదో తరగతిలో చదువుకున్నది, ముప్పావు గంట తరువాత జ్ఞాపకం వచ్చింది. మర్నాడు అమ్మ గది ఊడ్చి చేటలోకి ఎత్తుతూ, “ఇదేనా నువ్వు రాత్రంతా వెతికింది?” అని అరచేతిలో పెట్టింది. నాకు రెండో పని పడకూడదని ఆరోజు నుంచి అంచులున్న స్టీలు పళ్లెంలోనే విప్పుతున్నాను.

గ్రీజు, నూనె కలిపి 420.
ఇప్పటిదాకా: ఖర్చు 1,660 రూపాయలు, పని 13 గంటలు.

దశ 5: వెంట్రుకంత చీలిక (జులై 16 నుంచి ఆగస్టు 2)

బిగించి తిప్పితే ఇంజను కదిలింది. జూన్ 29 తరువాత మొదటిసారి. కానీ చక్రం ఒక్కో చుట్టుకూ ఒక్కో కుదుపు. టక్, టక్, టక్. రెండడుగులు పోయి ఒక్కోసారి ఆ టక్ దగ్గరే ఆగిపోతోంది. వేలితో తోస్తే మళ్లీ కదులుతుంది.

చుట్టుకు ఒకసారి అంటే తప్పు ఇరుసు మీదే ఉంది. మోటారుదో వార్మ్‌దో అయితే చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు అనేకసార్లు వినబడాలి. వెర్నియర్‌తో చక్రాల వెనుక ముఖాల మధ్య దూరం కొలిచాను. నాలుగు ఇరుసులకూ వరుసగా 14.4, 14.4, 14.9, 14.4 మి.మీ. మూడోది అర మి.మీ. విచ్చుకుంది. భూతద్దం పెట్టి చూస్తే గేరులో ఏ లోపమూ కనబడలేదు. పళ్లన్నీ ఉన్నాయి.

గడియార స్తంభం దగ్గర వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. కంటికి తగిలించుకునే అద్దం ఆయన దగ్గర ఉంటుందని ఇరుసు పట్టుకెళ్లాను. అద్దం పెట్టుకుని ఒకసారి తిప్పి చూసి, కిందపెట్టి, రెండు చక్రాలనూ రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఎడమది ముందుకు, కుడిది వెనక్కి, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మెలిపెట్టి నా వైపు చూపించారు. గేరు మధ్య గొట్టం మీద, రెండు పళ్ల నడుమ, తెల్లటి గీత నోరు తెరిచింది. చేయి వదిలారు. గీత మూసుకుంది, ఎక్కడుందో కూడా తెలియలేదు.

“పన్ను పోతే ఎవరికైనా కనబడుతుంది బాబూ. చీలిక అలా కాదు, బరువు పడితేనే బయటపడుతుంది” అన్నారు. వద్దంటున్నా 50 రూపాయలు బల్ల మీద పెట్టి వచ్చాను.

ఈ రకం ఇంజన్లలో ఇరుసు ఒకే కడ్డీ కాదు. అటు అర ఇరుసు, ఇటు అర ఇరుసు, మధ్యలో ప్లాస్టిక్ గేరు. రెండు లోహపు ముక్కలనూ గేరు గొట్టంలోకి బిగువుగా దిగ్గొడతారు. ఎడమ పట్టా కరెంటు కుడి పట్టాకు తగలకుండా ఉండటానికీ అదే ఏర్పాటు. ఏళ్ల తరబడి ఆ బిగువు లోపలి నుంచి తోస్తూ ఉంటే ప్లాస్టిక్ చీలుతుంది. చీలిన చోట రెండు పళ్ల మధ్య ఎడం పెరుగుతుంది, పక్క గేరు పన్ను అక్కడ కూర్చోదు. అదే టక్.

ముందు చేసిన తప్పు: చీలికలో పది రూపాయల సూపర్ గ్లూ వేశాను. రెండు రోజులు బాగుంది. మూడో రోజు మళ్లీ టక్. ఈ గేర్లు ఎసిటాల్ అనే జారుడు ప్లాస్టిక్‌తో చేస్తారు, దానికి జిగురు పట్టదు. పైగా కారిన జిగురు ఇరుసు కొసకు పాకి బేరింగును పట్టేసింది. గీకి తీయడానికి ఒక సాయంత్రం పోయింది.

కొత్త గేర్లు నాలుగింటి సెట్టుగానే దొరుకుతాయి. కొరియరు కలిపి 640. ఆగస్టు 1న వచ్చాయి. మార్చిన విధం:

1. రెండు అర ఇరుసులనూ మెలితిప్పుతూ తిన్నగా లాగాలి. పక్కకు వంచితే ఇరుసు వంగుతుంది.
2. కొత్త గేరును వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, తుడిచి, వెంటనే ఇరుసు కొసలు చేత్తో మొదలు పెట్టాలి.
3. వైసు దవడలకు అట్టముక్కలు పెట్టి, పావు చుట్టు తిప్పడం, కొలవడం, మళ్లీ పావు చుట్టు. గేరు నట్టనడుమ ఉండాలి.
4. 14.4 దగ్గర ఆపాలి. నేను మొదటిసారి 14.2కు నొక్కేశాను, వెనక్కి లాగవలసి వచ్చింది.
5. అద్దపు పలక మీద దొర్లించి ఊగుతుందేమో చూడాలి.

ఒక్క మూడో ఇరుసుకే మార్చాను. మిగిలిన మూడూ బాగానే కనబడుతున్నాయి కదా అనుకున్నాను. “కనబడటం” గురించి పెద్దాయన చెప్పి అప్పటికి రెండు వారాలే అయింది.

ఇప్పటిదాకా: ఖర్చు 2,360 రూపాయలు, పని 18 గంటలు.

దశ 6: ఎర్రదీపం (ఆగస్టు 2, రాత్రి)

అంతా బిగించి పట్టాల మీద పెట్టగానే కంట్రోలరు మీద ఓవర్‌లోడు ఎర్రదీపం. చక్రాల మధ్య ఓమ్‌లు చూస్తే 18 ఉండవలసిన చోట 0.3. నేరుగా షార్టు.

రెండు బోగీలూ ఒకే అచ్చు. కానీ వెనుకది ముందుదానికి ఎదురు మొహం పెట్టి కూర్చుంటుంది. ముందు బోగీలో తీగ ఏ వైపుకు పోయిందో చూసి వెనుకదానికీ అదే వైపు అతికించాను. బోగీ తిరిగి ఉంది కాబట్టి దాని కుడి ఇంజనుకు ఎడమ. రెండు తీగలూ తారుమారు చేయగానే సరిపోయింది. విప్పేముందు ఎడమవైపు తీగలన్నిటికీ గోళ్ల రంగు చుక్క పెట్టుకుంటే ఈ దశ మీకు రాదు.

ఇప్పటిదాకా: ఖర్చు 2,360 రూపాయలు, పని 19 గంటలు.

దశ 7: పట్టాలు (ఆగస్టు 3 నుంచి 9)

బల్ల మీద రెండడుగుల విడి పట్టా ముక్క మీద ఇంజను వెన్నలా నడిచింది. లేఅవుటు మీద పెడితే రెండో అతుకు దాటాక నత్తనడక, పాయింటు (పట్టాలు చీలే చోటు) దాటి సైడింగులోకి (పక్క లైనులోకి) వెళ్లగానే ఆగుడు. మీటరు పెట్టి చూస్తే ఎక్కడ చూసినా 12 వోల్టులే. మీటరు చెప్పేది అబద్ధం కాదు, కానీ అది పట్టాల నుంచి లాగే కరెంటు లెక్కకు రానంత తక్కువ. బరువు పడితేనే బయటపడుతుందన్న మాట అప్పుడు పనికొచ్చింది. మోటారుసైకిలు విడిభాగాల కొట్టులో 12 వోల్టుల, 5 వాట్ల పార్కింగు బల్బు, హోల్డరు కొని, మీటరు తీగలకు పక్కనే దాన్ని కూడా కట్టాను. బల్బు 0.4 ఆంపియర్ దాకా లాగుతుంది, ఇంజనుకు కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ.

కంట్రోలరు తీగ పట్టాలకు కలిసే చోట: బల్బు లేకుండా 12.0, బల్బుతో 11.6.
మొదటి అతుకు తరువాత: 12.0, 11.2.
రెండో అతుకు తరువాత: 12.0, 7.3.
పాయింటు దాటాక సైడింగులో: 11.9, 4.1.

ఈ పట్టాలు నికెల్ సిల్వర్. పేరులో వెండి ఉంది, లోపల లేదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. మా గాలికి పై పొర మాసిపోతుంది. అది తుడిస్తే పోతుంది. అసలు చిక్కు పట్టాలను కలిపే చిన్న రేకు జాయినర్ల లోపల ఉంది. అక్కడికి గుడ్డ వెళ్లదు. ఉన్న 14 జాయినర్లలో ఆరింటి లోపల ఆకుపచ్చ పొడి.

జాయినర్లను నమ్మడం మానేశాను. ప్రతి పట్టా ముక్కకూ అడుగు వైపు నుంచి విడిగా ఒక జత తీగలు టంకం వేసి, బల్ల కిందనున్న లావు తీగకు కలిపాను. పట్టా మీద టంకం వేసేటప్పుడు రెండు పక్కలా తడి దూది పెట్టకపోతే స్లీపర్లు కరుగుతాయి. నావి మూడు కరిగాయి. వాటి మీద ఇసుక, గడ్డి పోసి కోటిపల్లి గట్టు చేసేశాను. పాయింటు దగ్గర కదిలే పట్టా తాకిడి మీద ఆధారపడకుండా దానికీ విడి తీగ ఇచ్చాను.

పనయ్యాక బల్బుతో నాలుగు చోట్లా 11.4 నుంచి 11.6. పట్టాల పైభాగం ఆల్కహాల్ గుడ్డతోనే తుడుస్తున్నాను. గరుకు కాగితంతో రుద్దితే ఆ రోజుకు మెరుస్తాయి, ఆ గీతల్లో మురికి మరింత తొందరగా కూర్చుంటుంది.

బల్బు, హోల్డరు 40, తీగ 160.
ఇప్పటిదాకా: ఖర్చు 2,560 రూపాయలు, పని 25 గంటలు.

దశ 8: మళ్లీ టక్ (ఆగస్టు 10 నుంచి 16)

అరగంట ముందుకు, అరగంట వెనక్కి నడిపాను. ఇరవయ్యో నిమిషంలో ముందు బోగీ నుంచి టక్. ఈసారి వెర్నియర్ దాకా పోలేదు. ఇరుసులు తీసి పెద్దాయన పద్ధతిలో మెలిపెట్టి చూశాను. మొదటి ఇరుసు గేరు చీలింది. రెండోది, నాలుగోది మూసుకునే ఉన్నాయి, అయినా మార్చేశాను. ఒకే రోజు, ఒకే బిగువుతో తయారైన గేర్లు. సెట్టులో మిగిలిన మూడూ వాటి కోసమే వచ్చాయి.

ఆగస్టు 16న తీసిన కొలతలు:

కదలిక మొదలయ్యే వోల్టు: 3.1.
12 వోల్టుల దగ్గర ఇంజను ఒక్కటే: 0.24 ఆంపియర్.
నాలుగు పెట్టెలతో: 0.33 ఆంపియర్.
అతి నెమ్మది: 30 సెం.మీ. దూరానికి 21 సెకన్లు. 87తో హెచ్చవేస్తే అసలు బండి గంటకు నాలుగున్నర కిలోమీటర్లు, మనిషి నడక.

మొత్తం: ఖర్చు 2,560 రూపాయలు, పని 29 గంటలు. ఇందులో అక్కరలేని ఖర్చు 980: మోటారు, జిగురు. మోటారు ఇంకా డబ్బాలోనే ఉంది, 20 ఓమ్‌లు, వాడనిది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరినీ పిలిచి నాలుగు పెట్టెలతో కాకినాడ వైపు నుంచి గోదావరి గట్టు దాకా ఆగకుండా నడిపాను. పక్కింటి పిల్లవాడు గట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని బండిని ఎదురుగా చూశాడు. “మామయ్యా, దీనికి దీపం లేదా?” అన్నాడు.

లేదు. మీటరు పెట్టి చూశాను, ఫిలమెంటు తెగింది. తెల్ల ఎల్‌ఈడీ, 1 కిలో ఓమ్ రెసిస్టరు తెచ్చి పెట్టుకున్నాను. పైకప్పు మళ్లీ తీయాలి.